స్టేషను పలకలే ఓనమాలు

మా చంద్రపూరుకు మెట్రో రైలు లేదు. మెట్రో లేని ఊరివాళ్ళు మెట్రో స్టేషన్లను గురించి వ్యాసం రాయటం, వంట రానివాడు విందును వర్ణించినట్టుగా వుంటుందని పాఠకులు నవ్వుకోవచ్చు. అయితే విందును నోరూరేలా వర్ణించేవాడు ఎప్పుడూ అతిథేగాని వంటవాడు కాదు గదా! రోజూ మెట్రో ఎక్కే పట్నవాసి స్టేషను పేరు చదవడు. తన స్టేషను వచ్చిన సంగతి అతని కాళ్ళకే తెలిసిపోతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్కే మాబోటివాళ్ళమే కిటికీకి ముఖం ఆనించి పలక పలకా చదువుకుంటూ కూర్చుంటాము. అలా చదవటంలో మా ఇంటికి ఒక లాభం కలిగింది. దాన్ని నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

స్టేషను పేరన్నది తమాషా వస్తువు. ఊరు పేరు మార్చుకున్నా స్టేషను పాతపేరును ఒక పట్టాన వదలదు. 1964 దాకా మా ఊరు చాందా. ఇప్పటికీ రైల్వేవారి లెక్కల్లో చంద్రపూరు స్టేషనుకు గుర్తు ఇంగ్లీషులో సి, డి అనే రెండక్షరాలే. గోందియా దారిలో వున్న మా రెండో స్టేషను ఈనాటికీ చాందా ఫోర్టే. ఇక మా కోటకు నాలుగు పెద్ద దర్వాజాలు: జట్‌పురా, బిన్బా, పఠాన్‌పురా, అంచలేశ్వర్. మెట్రో లేని మా ఊళ్ళో ఆటోవాడికీ, చుట్టపుచూపుగా వచ్చినవాడికీ ఇవే స్టేషన్లు. "జట్‌పురా గేటు దగ్గర దిగండి" అంటే చాలు, ఎంత కొత్తవాడయినా ఇల్లు చేరుకుంటాడు. గోండు రాజులు పోయారు, వారి ఏనుగులూ పోయాయి, పేర్లు మాత్రం మిగిలాయి. మనుషులకంటే రాయీ, పలకా పేరును ఎక్కువకాలం మోస్తాయి.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దలు వరంగల్లు వైపునుంచి ఈ ఊరు చేరి మూడు తరాలు దాటింది. ఇక్కడి తెలుగు కుటుంబాలు చాలావాటి కథ ఇంచుమించు ఇంతే. బల్లార్‌పూరు కాగితపు మిల్లుకనో, బొగ్గుగనులకనో, రైల్వే ఉద్యోగానికనో, వ్యాపారానికనో వచ్చి, నాలుగేళ్ళుండి పోదామనుకుని, ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. మాట్లాడటానికి ఏ లోటూ లేదు. లోటంతా చదవటంలోనే వచ్చింది. మేము పలకమీద ఓనమాలు దిద్దినవాళ్ళం. మా అబ్బాయి కూడబలుక్కుని చదువుతాడు. మా మనుమరాలికి తెలుగు అక్షరమంటే సంక్రాంతి ముగ్గు. చూడటానికి అందంగా వుంటుంది, అర్థం మట్టుకు లేదు.

మా ఇంట్లో ఒక రేకుపెట్టె వుంది. దాని నిండా పాత ఉత్తరాలు. పెళ్ళి కబుర్లు, పురుళ్ళు, పంట సంగతులు, అప్పుల సంగతులు, ఎవరు ఎవరితో అలిగిందీ, ఎవరు ఎవరికి నచ్చజెప్పిందీ, అన్నీ అందులో వున్నాయి. ఆ ఉత్తరాలను గడగడా చదవగలవాళ్ళం ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే. మా తరువాత ఆ పెట్టెను ఎవరయినా తెరిస్తే లోపల కాగితం వుందని తెలుస్తుందేగాని కబురేమిటో తెలియదు. భాష పోవటమంటే నోటినుంచి పోవటమని అందరూ అనుకుంటారు. మేము చూసినంతలో అది మొదట కంటినుంచి పోతుంది. నోటినుంచి పోవటం ఆ తరువాతి మాట.

అందుకని వేసవి సెలవుల్లో పెద్దబాలశిక్ష తెప్పించాము. మొదటిరోజు మనుమరాలు బొమ్మలు చూసింది. రెండోరోజు "నానమ్మా, దీనికి పరీక్ష వుంటుందా?" అని అడిగింది. పరీక్ష లేదని తెలిశాక మూడోరోజు పుస్తకం మంచం కిందికి చేరింది. బడిలో లేని పాఠాన్ని ఇంట్లో కూర్చోబెట్టి చెప్పటం ఎంత కష్టమో తల్లిదండ్రులందరికీ తెలిసిందే. విసుక్కుంటే పిల్లకు తెలుగంటేనే విరక్తి కలుగుతుందని మేమూ ఊరుకున్నాము.

ఈ చిక్కుకు దారి చూపించింది నాగపూరు మెట్రో. నాగపూరు మాకు సుమారు 150 కిలోమీటర్లు. కళ్ళడాక్టరుకీ, పెళ్ళిబట్టలకీ అక్కడికే పోవాలి. వరోరా, జామ్, బుటీబోరీ దాటి బస్సు వార్ధా రోడ్డున నగరం పొలిమేరలోకి రాగానే ఖాప్రీ దగ్గర మెట్రో కనిపిస్తుంది. 2019 మార్చిలో ఖాప్రీకీ సీతాబర్డీకీ మధ్య అది మొదలయింది. 2022 డిసెంబరు 11న మిగిలిన భాగాలుకూడా తెరవటంతో మొదటిదశ పూర్తయింది. నారింజరంగు దారి దక్షిణాన ఖాప్రీనుంచి ఉత్తరాన ఆటోమోటివ్ చౌక్ దాకా పోతుంది. రెండోదారి పడమట లోకమాన్యనగర్ నుంచి తూర్పున ప్రజాపతినగర్ దాకా. రెండూ మనవాళ్ళు ముద్దుగా బర్డీ అని పిలిచే సీతాబర్డీలో ఒకదాన్నొకటి దాటుతాయి. వార్ధా రోడ్డుమీద మూడు కిలోమీటర్లకు పైగా కింద రోడ్డు, దానిమీద వంతెన రోడ్డు, ఆ పైన రైలు. మూడంతస్తుల మేడ మొత్తం కదిలిపోతున్నట్టుంటుంది.

ఆ రైల్లో మా మనుమరాలు ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేదు. ఛత్రపతి చౌక్, అజ్నీ చౌక్, రహాటే కాలనీ, కాంగ్రెస్ నగర్, ప్రతి పలకా పైకి చదవటమే. దేవనాగరి ఆ పిల్లకు నీళ్ళప్రాయం. అప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. పుస్తకంలో వున్న అక్షరం పిల్లలకు పాఠం, పలకమీద వున్న అక్షరం ఆట. రైలు ఆగుతుంది, అర నిమిషంలో తలుపులు మూసుకుంటాయి, ఆలోపల చదివితే గెలుపు. ఓడినా బెంగలేదు, మరి రెండు నిమిషాల్లో ఇంకో స్టేషను వస్తుంది. ఇంత ఓర్పుగల పంతులు ఎక్కడ దొరుకుతాడు?

బర్డీ తరువాతి స్టేషను జీరో మైల్. 2021 ఆగస్టులో తెరిచారు. దానికి దగ్గర్లోనే 1907లో నిలబెట్టిన ఇసుకరాతి స్తంభం, నాలుగు గుర్రాల బొమ్మలు వున్నాయి. తెల్లదొరల కాలపు సర్వేవాళ్ళు దూరాలు కొలవటానికి పెట్టుకున్న గుర్తు అది. ఆ రాతిమీద ఊళ్ళ పేర్లూ, మైళ్ళూ చెక్కివున్నాయి. వాటిలో హైదరాబాదూ వుంది, మా చాందా కూడా వుంది. రెండుపేర్లూ ఒకే రాతిమీద చూస్తుంటే మా కుటుంబం చిరునామా ఎవరో ముందే రాసిపెట్టినట్టు అనిపించింది. ఆనాడే నిశ్చయించుకున్నాము, వేసవిలో హైదరాబాదులో జరగబోయే మేనల్లుడి పెళ్ళికి పిల్లతో సహా వెళ్ళి, అక్కడి మెట్రో పలకలమీద తెలుగు చదివించాలని.

హైదరాబాదు ప్రయాణంలో పలకల పాఠం మెట్రోకంటే ముందే మొదలవుతుంది. బల్లార్షా దాటాక మాణిక్‌గఢ్, విరూరు, మాకుడి. ఇవన్నీ మహారాష్ట్రలోనివే. పసుపుపచ్చ పలకమీద పై వరుస మరాఠీలో వుంటుంది. ఆ తరువాతది సిర్పూర్ టౌన్. అక్కడ పై వరుసలో తెలుగు దిగుతుంది. పగటిబండి అయితే ఈ మార్పును పిల్లలకు వేలుపెట్టి చూపించవచ్చు. రాష్ట్రం సరిహద్దు నేలమీద ఎక్కడా గీత గీసినట్టు కనిపించదు గాని పలకమీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మాటకొస్తే ఆ సరిహద్దు కూడా నిన్నమొన్నటిదే. విరూరూ, మాకుడీ వున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో వుండేది. తరువాత నాందేడు జిల్లాకు పోయి, 1959లో మా చాందా జిల్లాకు వచ్చింది. కాజీపేట, బల్లార్షాల మధ్య రైలుదారి 1929లో పూర్తయింది. ఉత్తరాదినీ మద్రాసునూ సూటిగా కలిపింది ఆ ముక్కే. మా పెద్దలను ఈ ఊరు చేర్చిందీ ఆ పట్టాలే.

"నానమ్మా, ఇప్పుడు పైన వున్నది తెలుగా?" అని సిర్పూరు దగ్గర మనుమరాలు అడిగింది. "అవునమ్మా." "అయితే మనం మీ ఊరొచ్చేశాం." మా ఊరు ఏదో మాకే సరిగా తెలియదుగాని ఆ మాటకు మాత్రం సంతోషించాము.

హైదరాబాదు మెట్రోను 2017 నవంబరు 28న మియాపూరులో ప్రారంభించారు, మరునాటినుంచి జనం ఎక్కారు. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషనుకూ మహాత్మాగాంధీ బస్ స్టేషనుకూ మధ్య దారి తెరవటంతో మూడుదారులూ పూర్తయ్యాయి. మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు, అంతా స్తంభాలమీదనే. ఎర్రదారి మియాపూరునుంచి ఎల్‌బీ నగరుకు, నీలిదారి నాగోలునుంచి రాయదుర్గానికి, ఆకుపచ్చదారి రెండు బస్ స్టేషన్ల మధ్య. మొదటి రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. మనవైపునుంచి వెళ్ళేవారికి ఒక్క హెచ్చరిక. మెట్రోలో సికిందరాబాదు పేరుతో రెండు స్టేషన్లున్నాయి. తూర్పు అన్నది నీలిదారిలో, పడమర అన్నది ఆకుపచ్చదారిలో. రైలు దిగినవారికి దగ్గరది తూర్పు స్టేషను. సామానుతో వెళ్ళేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకుంటే కాళ్ళకు శ్రమ తప్పుతుంది.

మా విడిది దిల్‌సుఖ్‌నగర్‌లో, పెళ్ళి కూకట్‌పల్లిలో. అంచేత అయిదురోజులపాటు ఎర్రదారిమీద ఇంచుమించు ఈ చివరనుంచి ఆ చివరదాకా తిరిగాము. ఆ దారిలో 27 స్టేషన్లు. తరువాత తీరిగ్గా కూర్చుని లెక్కవేస్తే, ఆ పేర్లలో హల్లులే ఇరవైకి పైచిలుకు వచ్చాయి. అచ్చుల్లో అ అమీర్‌పేటలో, ఇ ఇర్రం మంజిల్‌లో, ఉ ఉస్మానియాలో, ఎ ఎర్రగడ్డలో. ఖ కావాలంటే ఖైరతాబాదు, ధ కావాలంటే గాంధీభవన్, భ కావాలంటే భరత్‌నగర్. ఐత్వం చైతన్యపురిలో కూర్చునివుంది. ణ మాత్రం ఎర్రదారిలో లేదు, దానికోసం ఆకుపచ్చదారిలో నారాయణగూడకు పోవాలి. బాలశిక్ష రాసినవారయినా ఇంతకంటే పొందికగా ఏర్చికూర్చలేరు.

మొదటిరోజు మనుమరాలు ఒక్క "నగర్" మాత్రం పట్టుకుంది. బాలానగర్, భరత్‌నగర్, ఎస్‌ఆర్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్, ఎక్కడ చూసినా అవే మూడక్షరాలు. "న", "గ", "ర" వచ్చేశాయి. రెండోరోజు "పేట" వచ్చింది. మూసాపేట, అమీర్‌పేట, మలక్‌పేట. మూడోరోజు "పల్లి" దగ్గర ఆగిపోయింది. "తాతా, ఈ అక్షరానికి కింద తోక ఎందుకు?" అంది.

"అది తోక కాదమ్మా, వత్తు" అని చెప్పాము. ఈ వత్తుల రహస్యం విప్పింది మాత్రం మా కోడలు. ఆమె మరాఠీ ఇంటిపిల్ల. మమ్మల్ని ఆయీ, బాబా అని పిలుస్తుంది. పెళ్ళయి వచ్చాక వినికిడితోనే తెలుగు మాట నేర్చుకుంది, అక్షరం మాత్రం ఆమెకూ కొత్తే. కూతురు చదువుతుంటే పక్కన కూర్చుని తానూ చూస్తోంది. "ఆయీ, మా లిపిలో సగం అక్షరం పక్కింట్లో వుంటుంది, మీ లిపిలో కింది అంతస్తులో అద్దెకుంటుంది, అంతేకదా?" అంది. మేము ఫక్కున నవ్వాము. అరవై ఏళ్ళుగా వత్తులు రాస్తున్నాము, ఇంత తేలికగా చెప్పవచ్చునని తోచలేదు. అక్కడినుంచి ఎర్రగడ్డ స్టేషను వాళ్ళిద్దరికీ పందెం. ఒకే పేరులో రెండు అద్దెకొంపలు! ర కింద ర, డ కింద డ. ఎవరు ముందు చదివితే వాళ్ళకు కిటికీ సీటు.

కోడలికి చిక్కుపెట్టింది మరొకటి. తెలుగులో ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. మరాఠీలో రెంటికీ ఒకటే గుర్తు. "మెట్టుగూడ"లో మె కురచ, "పేట"లో పే పొడుగు. దీన్ని పుస్తకంలో చెబితే వ్యాకరణం. రైల్లో పలక చూపించి, తరువాత పేరును గొంతుతో వినిపిస్తే వెంటనే పట్టుబడుతుంది. మెట్రోలో వచ్చే స్టేషను పేరును తెలుగులో కూడా చెబుతారు గనక కన్నూ చెవీ ఒకేసారి పనిచేస్తాయి. పలకమీద తప్పు చదివినా చెవి దిద్దుతుంది, మనం దిద్దనక్కరలేదు. పిల్లలకు చిన్నతనమూ వుండదు.

అక్షరం రాగానే పిల్లలు అర్థం అడుగుతారు. అడగాలి కూడాను. అప్పుడు స్టేషన్లు నోరు విప్పుతాయి. కూకట్‌పల్లి, నాంపల్లి, చిక్కడపల్లి ఒకప్పుడు పల్లెలే. యూసుఫ్‌గూడ, నారాయణగూడ గూడేలు. దుర్గం చెరువు గోలకొండకు మంచినీళ్ళిచ్చిన చెరువు. లక్డీకాపూల్ అంటే కట్టెవంతెన. వంతెన పోయినా కట్టె మాత్రం పేరులో వుంది. తార్నాకలోని నాకా మా చంద్రపూరు పిల్లలకు చెప్పనక్కరలేదు, మరాఠీలో రోజూ వినే మాటే. హబ్సీగూడలో ఒకప్పుడు నిజాము కొలువులోని ఆఫ్రికా సైనికులు, అంటే హబ్సీలు, వుండేవారంటారు. ముసారాంబాగ్ అసలు తెలుగువాడిదీ కాదు, తురకవాడిదీ కాదు. నిజాము సైన్యంలో పనిచేసి 1798లో పోయిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమోఁ పేరును జనం ముసారాం చేసుకున్నారు. పరాయివాడి పేరును నోటికి తగ్గట్టు మలుచుకుని రెండువందల ఏళ్ళకు పైగా కాపాడిన ఊరు అది.

వీటన్నిటిలో మాకు నచ్చింది ఇర్రం మంజిల్. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన భవనం అది. ఇరమ్ అంటే పారశీకంలో స్వర్గం. చుట్టూ వున్న తెలుగువాళ్ళ నోట అది "ఎర్ర" మంజిల్ అయింది. నవాబుగారు కోపం తెచ్చుకోకుండా, రెండు పేర్లూ నిజం కావాలని భవనానికి ఎర్రరంగు వేయించారని చెబుతారు. రెండు భాషలు ఒక ఇంట్లో ఎలా సర్దుకోవాలో ఇంతకంటే చక్కని ఉదాహరణ మాకు తెలియదు. మా కోడలికి ఈ కథ చెబితే, "మన ఇంటికీ అదే రంగు వేయిద్దాం" అంది.

ఒక్క ఫిర్యాదు మాత్రం వుంది. తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు చదవవలసిన పలకలు అక్కడ తక్కువేమీ కాదు. జేఎన్‌టీయూ, కేపీహెచ్‌బీ, ఈఎస్‌ఐ, ఎన్‌జీఆర్‌ఐ, ఎస్‌ఆర్ నగర్, ఎల్‌బీ నగర్. మనుమరాలు కష్టపడి "ఎల్‌బీ" చదివి, "ఎల్‌బీ ఎవరు తాతా?" అంది. లాల్ బహదూర్ శాస్త్రిగారని చెబితే, "మరి అలా రాయొచ్చుగా!" అంది. ఎస్‌ఆర్ నగర్ సంజీవరెడ్డిగారి పేరున వెలిసిన నగరం. దేశాధ్యక్షులయినవారు రెండు ఇంగ్లీషు అక్షరాలయ్యారు. నాగపూరులో ఝాన్సీరాణి చౌక్, లోకమాన్యనగర్ అని నిండుగా పిలుస్తారు గనక పిల్లలకు ఆ మనుషులూ తెలుస్తారు. అక్కడా ఎల్‌ఏడీ చౌక్ ఒకటి వుందిలెండి, తప్పు ఒకవైపే లేదు. పేరును పొట్టిచేస్తే నోటికి శ్రమ తగ్గుతుంది, కాని మనిషి మరుగునపడతాడు.

పెళ్ళి మరునాడు ఒక పని పెట్టుకున్నాము. మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దారి మారి ఆకుపచ్చదారి ఎక్కితే తరువాతి స్టేషనే సుల్తాన్ బజార్. బ్రిటిషు రెసిడెంటు కాలంలో దాన్ని రెసిడెన్సీ బజారు అనేవారు. 1901 సెప్టెంబరు 1న అక్కడే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. నిజాము రాజ్యంలో తెలుగు చదివేందుకు చోటు కావాలని రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు మొదలయినవారు కలిసి స్థాపించిన గ్రంథాలయం. పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి చూసి వచ్చాము.

వెళ్ళటానికి కారణముంది. కొమర్రాజువారి చదువు సాగింది మన నాగపూరులోనే. తండ్రి చిన్నతనంలోనే పోతే అక్క బండారు అచ్చమాంబగారి దగ్గరికి వచ్చారు. ఆమె భర్త మాధవరావుగారు అప్పట్లో నాగపూరులో ఇంజనీరు. లక్ష్మణరావుగారు మరాఠీలో పత్రికలకు వ్యాసాలు రాసేటంత పండితులయ్యారు. అయినా తెలుగును వదలలేదు. శివాజీ చరిత్రను తెలుగువారికి తెలుగులో రాసి ఇచ్చారు, తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. అచ్చమాంబగారి సంగతి ఇంకా గొప్పది. ఆమె బడికి వెళ్ళి చదివినది కాదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఇంట్లోనే అక్షరాలు నేర్చుకున్నది. ఆ అక్షరాలతోనే అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది, 1902లో ధనత్రయోదశి కథ రాసింది. తెలుగులో తొలి కథ అదేనని చెప్పేవారున్నారు.

ఆలోచించి చూడండి. నూరేళ్ళకు పైమాట. చుట్టూ మరాఠీ, హిందీ. తెలుగు బడి లేదు, తెలుగు పలక లేదు. అటువంటి చోట ఒక ఇంట్లో అక్కా తమ్ముడూ పక్కపక్కన కూర్చుని చదువుకున్న చదువు రెసిడెన్సీ బజారులో గ్రంథాలయానికి పునాది రాళ్ళలో ఒకటయింది. "మహారాష్ట్రలో వుండి పిల్లలకు తెలుగు ఎలా వస్తుందండీ?" అని మన సంఘం సమావేశాల్లో తరచు వినిపించే ప్రశ్నకు నాగపూరులోని ఆ ఇల్లే జవాబు చెబుతుంది. తమ్ముడికి మరాఠీ రావటం తెలుగుకు అడ్డం రాలేదు, పైగా సాయపడింది.

మా బంధువుల కుర్రవాడొకడు, చదువుకున్నవాడే, మా పలకల పాఠం చూసి, "ఎందుకు పెద్దమ్మా యింత శ్రమ? తెలుగు ఉత్తరం ఫోనుకు చూపిస్తే అదే చదివి పెడుతుంది" అన్నాడు. నిజమే. అచ్చుపుస్తకాన్ని ఫోను చక్కగానే చదువుతోంది. అయితే దాని చేత చదివించుకోవాలన్న కోరిక ముందు పుట్టాలి గదా! అక్షరం బొత్తిగా తెలియనివాడికి అది ఉత్తరమో, చాకలిపద్దో కూడా తెలియదు. పెట్టెను తెరిచి, ఒక్క మాట కూడబలుక్కుని, "అరే, ఇది మన ఊరి పేరు!" అనుకున్నవాడే తక్కిన మాటలకోసం వెతుకుతాడు. ఫోను ఆ తరువాతి మెట్టుకు పనికివస్తుంది, మొదటి మెట్టుకు కాదు.

చంద్రపూరుకు తిరిగివచ్చాక ఆ 27 పేర్లనూ పెద్ద అక్షరాలతో అట్టముక్కలమీద రాశాము. వసారాలో వరసగా పెట్టి పిల్ల రైలాట ఆడింది. కోడలు స్టేషను మాస్టరు. నెలరోజులకు అట్టల అవసరం తీరిపోయింది. దసరా సెలవుల్లో రేకుపెట్టె తెరిచి, 1961లో వరంగల్లునుంచి మా పెద్దత్త రాసిన ఒక కార్డు చేతికిచ్చాము. గుండ్రటి చేతిరాత, అచ్చక్షరాలకు దగ్గరగా వుంటుంది. పిల్ల గంటసేపు కుస్తీపట్టి మూడు పంక్తులు చదివింది. బుధవారం బండికి బయలుదేరుతున్నామనీ, వెంట ఆవకాయ జాడీ వున్నది గనక చాందా స్టేషనుకు మనిషిని పంపవలసిందనీ వుంది.

"చాందా స్టేషనంటే మన స్టేషనేనా?" అంది. అవునన్నాము. "మరి మనిషిని పంపారా?" అంది. ఆ జాడీని స్టేషనునుంచి మోసుకొచ్చినవారు మనుమరాలికి ముత్తాతగారు. ఆయనను ఆ పిల్ల ఫొటోలో తప్ప చూడలేదు. ఆ సాయంత్రం అంతా ఆయన కబుర్లే. మూడు పంక్తులకు ఇంత బలముంటుందని మేమూ అనుకోలేదు.

పాఠకులకు మా మనవి ఇది. మీ పిల్లలతో హైదరాబాదు వెళ్ళినప్పుడు రెండు గంటలు మిగుల్చుకుని ఒక దారి చివరిదాకా మెట్రో ఎక్కండి. పని లేకపోయినా సరే. ఇంగ్లీషు వరుసను చేత్తో మూసి తెలుగు వరుసను చూపించండి. ముందు "నగర్", "పేట", "పల్లి" వంటి పదేపదే వచ్చే ముక్కలు పట్టించండి, ఒంటి అక్షరాలు వాటంతట అవే ఊడివస్తాయి. తప్పు చదివితే దిద్దకండి, తరువాతి స్టేషను దిద్దుతుంది. ఇంటికి వచ్చాక పాత ఉత్తరం ఒకటి, తేలికయినది, చేతికివ్వండి. హైదరాబాదు పోవటం కుదరకపోతే సిర్పూరుదాకా పోయినా చాలు, పై వరుసలో తెలుగు అక్కడే మొదలవుతుంది.

వచ్చే వేసవిలో మన సంఘంలో పిల్లలకు పది రోజుల చదువుల తరగతి పెడదామని అనుకుంటున్నారట. పెట్టండి. అయితే మొదటిరోజు బల్లమీద పుస్తకం పెట్టకండి. గోడకు మియాపూరునుంచి ఎల్‌బీ నగరు దాకా ఎర్రగీత ఒకటి గీసి, 27 పలకలు తగిలించండి. అట్టలు రాసివ్వటం మా వంతు.